టార్చి ఉద్యోగం

ఫోటోలో పడకుండా ఉండటమే పనిగా గల ఉద్యోగం ఒకటుంది. జీతం లేదు, సెలవు లేదు, మంకీ క్యాప్ మాత్రం తప్పనిసరి. మా బావమరిదికి రాత్రిపూట ఫోటోలు తీసే పిచ్చి పట్టిన దగ్గర్నుంచి ఆ ఉద్యోగం నాదే.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద బిగిస్తారు. చీకట్లో షట్టర్ తెరిచి అలా వదిలేస్తారు. అరనిమిషం కావచ్చు, నాలుగైదు నిమిషాలు కావచ్చు. అది తెరుచుకుని ఉన్నంతసేపూ ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని వెళ్ళి, చెట్టుకో బండకో పాకకో, గోడకి సున్నం కొట్టినట్టు వెలుగు పూస్తాడు. పూసినంత మేరా ఫోటోలో కనిపిస్తుంది, పూయనిది చీకట్లో ఉండిపోతుంది. కెమెరాకి తొందరేం లేదు, వచ్చిన వెలుగునల్లా కూడబెట్టుకుంటూ కూర్చుంటుంది. టార్చి పట్టిన మనిషి మాత్రం అందులో పడడు. ముదురురంగు బట్టలు వేసుకుని, తన మీద వెలుగు పడనివ్వకుండా, ఒకచోట నిలబడకుండా తిరుగుతున్నంతసేపూ కెమెరా లెక్కలో ఆ మనిషి లేనట్టే. పనంతా చేసి చివరికి లెక్కలో లేకుండా పోవాలంటే, ఆ ఇంటి అల్లుడికన్నా అర్హుడు ఎవరు దొరుకుతారు?

మంకీ క్యాప్ చలికి అనుకునేరు. మొదట్లో ఒక ఫోటోలో చెట్టు మొదట్లో ఏదో గుండ్రంగా మెరిసింది. మా బావమరిది దాన్ని తెరమీద పెద్దది చేసి చూసి, కాసేపు తటపటాయించి, "బావగారూ, తప్పుగా అనుకోకండి, అది మీ తలండీ" అన్నాడు.

వరసకి నేను పెద్దవాణ్ణి. మర్యాద విషయంలో అతను వేలెత్తి చూపనివ్వడు. "బావగారూ, కాస్త ఎడమకండీ. ఇంకాస్త. అక్కడ తుప్పలు ఉన్నాయనుకుంటానండీ, చూసుకుని దిగండి. అబ్బెబ్బే, టార్చి ఆపకండి, ఆపితే అక్కడ మచ్చ పడుతుంది." గారూ, అండీ ఒక్కటి కూడా తగ్గించకుండా మనిషిని ముళ్ళకంపలోకి పంపడం అతని దగ్గరే చూశాను. ఇంట్లో చెప్పుకుందామంటే మా ఆవిడ, "టార్చి పట్టుకోవడానికి కూడా డిగ్రీ కావాలా? చిన్నవాడు ముచ్చటపడి పిలిస్తే వెళ్ళలేరా?" అంటుంది.

డిగ్రీ సంగతేమో గానీ ఇంటర్ ఫిజిక్స్ మాత్రం కావాలి. వెలుగు దూరం వెళ్ళేకొద్దీ ఉత్తినే తగ్గదు, దూరం రెట్టింపైతే నాలుగోవంతుకి పడిపోతుంది. దగ్గర చెట్టుకి అయిదు సెకన్లు పూస్తే, దానికి రెండింతల దూరంలో ఉన్న చెట్టుకి ఇరవై సెకన్లు పూయాలి. మూడింతలైతే నలభై అయిదు. దూరపు చుట్టానికి ఎక్కువ మర్యాద చేయాలని మా అత్తగారు ఎప్పుడూ చెబుతుంటారు. ఫిజిక్స్ కూడా ఆవిడ పక్షానే ఉందని తెలిశాక ఎదురుచెప్పడం మానేశాను.

ఈ పనికి కావాల్సినంత చీకటి విశాఖపట్నంలో దొరకదు. పోర్టు, స్టీల్ ప్లాంటు, బీచి రోడ్డు కలిసి ఆకాశానికి కాషాయం కట్టేశాయి. మంచి చీకటి కావాలంటే ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కాల్సిందే. అనంతగిరి, గాలికొండ మలుపులు తిరుగుతూ, దారిపొడుగునా బొంగులో చికెన్ వాసనకి మనసు గట్టిచేసుకుంటూ (ఒకచోట మెత్తబడింది, దాన్ని వదిలేద్దాం) సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో అరకు లోయ చేరతాం. అక్కడా ఊళ్ళోకి వెళితే లాభం లేదు. రిసార్టు రిసార్టుకీ ఒక మంట, మంట చుట్టూ టూరిస్టుల కోసం థింసా, పక్కన స్పీకర్లో సినిమాపాట, పైన రంగురంగుల సీరియల్ లైట్లు. చీకటిని వెతుక్కుంటూ ఇంకా లోపలికి పోవాలి.

ఈ విద్యలో నా మొదటి గురువు మాత్రం మా బావమరిది కాదు, బొర్రా గుహల్లో గైడు. ఇప్పుడు గుహల్లో రంగురంగుల దీపాలు పెట్టారు, ఎర్రగా కొంత, పచ్చగా కొంత. ఆ దీపాలు లేని కాలంలో కాగడాలు పట్టుకునే జనాన్ని లోపలికి తీసుకెళ్ళేవారు. ఇప్పటికీ గైడు చేతిలో టార్చి ఉంటే చాలు, పని అదే. పైకప్పునుంచి సున్నపురాయి ధారలుగా దిగి గడ్డకట్టి ఉంటుంది. చూస్తే రాయి. ఆయన టార్చిని పక్కకి తీసి, ఏటవాలుగా వేసి, "అదిగో శివపార్వతులు" అంటాడు. ఉన్నట్టుండి ముక్కు, భుజం, జడ, నీడతో సహా తేలతాయి. "ఇటు చూడండి, ఋషిగారి గడ్డం." గడ్డం వెంట్రుకలతో సహా వస్తుంది. వెనకున్న కుర్రాడెవడో తన సెల్‌ఫోన్ లైటు ఎదురుగా కొట్టాడనుకోండి, శివుడూ లేడు, పార్వతీ లేదు, మళ్ళీ రాయే. కెమెరా పక్కనుంచి తిన్నగా వెలుగు కొడితే నీడ ఉండదు, నీడ లేకపోతే గరుకు లేదు, గరుకు లేకపోతే చెట్టుకి బెరడు లేదు. అందుకే టార్చి మనిషి కెమెరా దగ్గర నిలబడి సుఖపడటానికి వీల్లేదు. పక్కకి, లోపలికి, తుప్పల్లోకి పోవాలి. నా కాళ్ళకున్న గీతలన్నిటికీ మూలం ఈ సూత్రంలోనే ఉంది.

పారిస్‌లో 1889లో ఎతియెన్ జూల్ మారే, జార్జ్ దెమెనీ అనే ఇద్దరు, మనుషుల నడకను అర్థం చేసుకోవాలని, ఒక మనిషి కీళ్ళకి చిన్నచిన్న బల్బులు కట్టి చీకట్లో నడిపించి ఫోటో తీశారు. ఆ తర్వాత 1914లో అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్, లిలియన్ గిల్బ్రెత్ దంపతులు కూలీల చేతులకి దీపాలు కట్టి, ఏ కదలిక దండగో లెక్కతీశారు. ఆ ఫోటోల్లో మనుషులు సరిగ్గా కనిపించరు, వాళ్ళు పడ్డ శ్రమ మాత్రం తెల్లగీతలుగా కనిపిస్తుంది. ఇవి చూపించి మా బావమరిది నన్ను ఉత్సాహపరుద్దామనుకున్నాడు. నా చేతులకి ఎవరైనా దీపాలు కట్టి ఉంటే, దండగ కదలికల మీద ఒక ఉద్గ్రంథమే వచ్చి ఉండేదని చెప్పాను.

చీకట్లో నిప్పుతో గీతలు గీయడం మనకి పారిస్‌వాళ్ళు నేర్పాలా అన్నది వేరే సంగతి. దీపావళికి కాకరపువ్వొత్తితో గాల్లో పేరు రాయని పిల్లలున్నారా? బొగ్గుపొడీ ఉప్పూ గుడ్డలో మూటగట్టి, తాటిమట్టల మధ్య బిగించి, తాడు కట్టి నెత్తి చుట్టూ గిరగిరా తిప్పితే రవ్వల గొడుగు లేస్తుంది చూడండి, ఆ ఉప్పుపొట్లాన్నే ఇప్పుడు విదేశాల్లో ఇనుపపీచుతో చేసి, ఫోటో తీసి, కళ అంటున్నారు. ఇంకా వెనక్కి పోతే, శంకరాచార్యులవారికి గురువుగారి గురువు గౌడపాదులు తన కారికల్లో చివరి ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు పెట్టారు. కొరివి తిప్పితే తిన్నని గీతలూ వంకర గీతలూ కనిపిస్తాయి, ఆపితే అవి ఎక్కడికీ పోవు, అసలు ఎక్కడినుంచీ రాలేదు కూడా అంటారు. ఆయన దగ్గర ట్రైపాడ్ లేదు కాబట్టి మనకి అద్వైతం దక్కింది. ఉంటే ఎగ్జిబిషన్ పెట్టి ఊరుకునేవారేమో.

ఇనుపపీచు ముచ్చట మా బావమరిదికీ కలిగింది. ఎండుగడ్డి మధ్య నిలబడి నిప్పురవ్వలు చల్లే పని నేను చేయనని ఖరాఖండీగా చెప్పేశాను. అల్లుడి హోదాని నేను వాడుకున్నది ఆ ఒక్కసారే.

పోయిన శీతాకాలం అతనికి వలిసె పూలు కావాల్సి వచ్చాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు చుట్టూ కొండవాలులన్నీ పసుపు ముద్దలవుతాయి. పగలు వాటి మధ్య నిలబడి ఫోటో దిగని తెలుగు కొత్త దంపతులు ఉండరు. చేను యజమానులు కూడా తెలివైనవాళ్ళు, గట్టుమీద మంచెలాంటిది కట్టి, మనిషికింతని వసూలు చేస్తారు. రాత్రిపూట వాటిని ఎవరూ తీయలేదని మా బావమరిది నమ్మకం. ఎందుకు తీయలేదో నాకు గంటలోపే తెలిసింది.

అరకు ఊరు ఇంకా రాకముందే, షిమిలిగుడ దగ్గర ఆగాం. ఇక్కడి స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో ఇదే ఎత్తయినదని పేరు. చేనులో ఒక పాత మామిడిచెట్టు, వెనక కొండ, పైన చుక్కలు. ఉత్తరం వైపు కెమెరా పెడితే ధ్రువుడి చుట్టూ చుక్కలు తిరగడం వస్తుందని అతను ఆశపడ్డాడు. అరకు పద్ధెనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువుడు కూడా నేలకి పద్ధెనిమిది డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మేం నిలబడ్డచోట కొండ వెనక్కి. "అక్కడే ఉన్నాడు బావగారూ, కనిపించడంతే" అన్నాడు. పెళ్ళిలో మిట్టమధ్యాహ్నం పురోహితుడు అరుంధతిని చూపిస్తే కనిపించిందని తలూపినవాణ్ణి, దీనికి మాత్రం అడ్డుచెబుతానా?

కొత్త ఎల్ఈడీ టార్చితో మొదలుపెట్టాం. దాని వెలుగు నీలం కలిసిన తెలుపు. అది తగిలేసరికి బంగారంలా ఉండాల్సిన వలిసె పూలు కామెర్లు తిరగబెట్టిన రంగులోకి వచ్చాయి. టార్చి మూతికి నారింజరంగు జెలటిన్ కాగితం కట్టి, టేపు వేశాడు. ఆ టేపు చలికి అంటుకోదు, నా చేతికి మాత్రం అంటుకుంది. లెన్సు మీద నిమిషానికోసారి మంచు పడుతోంది. నాలుగు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచాక, ఆ కెమెరా ఇంకో నాలుగు నిమిషాలు కదలదు, మెదలదు, బొమ్మ చూపించదు.

"ఏమైంది దీనికి?"

"ఏం కాలేదండీ. షట్టర్ మూసుకుని ఇంకో ఫోటో తీసుకుంటోంది. ఉత్త చీకటిది. ఇందాకటి ఫోటోలోంచి ఆ మరకల్ని తీసేస్తుంది."

నాలుగు నిమిషాలు చీకట్లో తీసి, దాన్ని శుభ్రం చేయడానికి ఇంకో నాలుగు నిమిషాలు ఉత్త చీకటిని తీసే యంత్రానికి అంత డబ్బు పోశారంటే, ఆ కంపెనీవాళ్ళ ముందు చేతులు జోడించాల్సిందే.

అలా నేను నల్లశాలువా కప్పుకుని, ముఖం దాచుకుని, చేనులో వంగి వంగి టార్చి అటూ ఇటూ ఆడిస్తూ తిరుగుతుండగా గట్టు మీంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటి పోనాది బాబూ?"

చేను ఆసామి. పెద్దాయన, తలకి తువ్వాలు, భుజాన గొంగళి. షట్టర్ తెరిచి ఉంది, ఆగి మాట్లాడితే మచ్చ పడుతుంది. నేను తిరుగుతూనే "ఏం లేదు పెద్దాయనా" అన్నాను. అర్ధరాత్రి పరాయి చేనులో టార్చి వేసుకుని వెతుకుతూ ఏం లేదనే మనిషిని ఎవరు నమ్ముతారు?

"గొడ్డేటి? మేకేటి?"

"కాదు కాదు."

"మరేటి, ఉంగరవా?"

అంతే. ఆయన వెనక్కి తిరిగి ఒక కేక వేశాడు. ఇళ్ళవైపునుంచి నలుగురైదుగురు కుర్రాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు దిగిపోయారు. కుర్రాళ్ళ నుదుటికి ఎల్ఈడీ లైట్లు, ఆడవాళ్ళ చేతుల్లో సెల్‌ఫోన్లు. ఏం పోయిందో, ఎవరిది పోయిందో అడగకుండానే చేను నాలుగు మూలలూ పంచుకుని వెతకడం మొదలుపెట్టారు. మా బావమరిది కెమెరా దగ్గర్నుంచి "లైట్లు ఆపండీ! దయచేసి ఆపండీ!" అని అరుస్తున్నాడు. లైట్లు ఆపితే పోయింది ఎలా దొరుకుతుందో ఎవరికీ అర్థం కాలేదు. పాపం, బెంగతో మతి చలించిందనుకుని ఇంకా గట్టిగా వెతికారు.

తర్వాత కెమెరా తెర చుట్టూ అందరం చేరాం. పసుపు చేను మీద తెల్లగీతలు మెలికలు మెలికలుగా పాకాయి. ఒక కుర్రాడు కాసేపు చూసి, ఒక గీత మీద వేలు పెట్టి, "ఇది నేనే. ఇక్కడ ముల్లు గుచ్చుకుంది, ఒంగినాను" అన్నాడు. నిజమే, గీత అక్కడ కిందకి దిగి మళ్ళీ లేచింది. మారేగారు ఉండి ఉంటే ఆ కుర్రాణ్ణి ఉద్యోగంలో పెట్టుకునేవారు. వాళ్ళలో వాళ్ళు ఆదివాసీ ఒరియాలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. మా గురించేనని తెలుసుకోవడానికి ఆ భాష రానక్కర్లేదు.

"మరి మీ టవున్లో కరెంటు లేదా బాబూ?" అన్నాడు పెద్దాయన జాలిగా.

ఉందనీ, మరీ ఎక్కువగా ఉందనీ, అందుకే చీకటి కోసం ఇక్కడికి వచ్చామనీ మా బావమరిది చెప్పాడు. పెద్దాయన ఆ మాటని చాలాసేపు నమలలేకపోయాడు. ఆయన చిన్నతనమంతా ఉచితంగా ఉన్న సరుకు కోసం మేం పెట్రోలు పోసుకుని కొండెక్కాం మరి.

ఇక కుర్రాళ్ళకి కిటుకు తెలిసిపోయింది. లైటు చేత్తో పట్టుకుని, కెమెరాకి ఎదురుగా నిలబడి గాల్లో రాయడం మొదలుపెట్టారు. ఒకడు "అమ్మ" అని రాశాడు. ఫోటోలో అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. ఎదురుగా నిలబడి రాస్తే అంతే. 1935లో మన్ రే అనే గొప్ప ఫోటోగ్రాఫరు ఇలాగే దీపంతో గాల్లో మెలికలు తిప్పి తన ఫోటో తనే తీసుకున్నాడు. ఏవో పిచ్చిగీతలని లోకం డెబ్భై ఏళ్ళకు పైగా అనుకుంది. 2009లో ఎలెన్ కేరీ అనే ఆవిడ దాన్ని అద్దంలో చూస్తే అది ఆయన సంతకం. ఈ కుర్రాడికి అంత కాలం పట్టలేదు. రెండో ప్రయత్నానికే వెనకనుంచి రాసేశాడు. చిక్కంతా మ-వత్తు దగ్గర వచ్చింది. లైటు ఆపి, చెయ్యి కిందకి దించి, మళ్ళీ వెలిగించి వత్తు పెట్టాలి. ఆపకపోతే అక్షరానికీ వత్తుకీ మధ్య తోక వస్తుంది. 1949లో జాన్ మిలీ అనే ఆయన లైఫ్ పత్రిక కోసం పికాసో చేత చీకట్లో చిన్న దీపంతో బొమ్మలు గీయించాడు. ఎద్దులూ, సగం మనిషీ సగం గుర్రమూ అన్నీ ఒక్క గీతలో వచ్చాయి. నిజమే, గొప్పే. పికాసోకి వత్తులు లేవు. పైగా మిలీ మధ్యలో ఒక ఫ్లాష్ వెలిగించాడు కాబట్టి పికాసో ముఖం కూడా చక్కగా పడింది. ఇన్నాళ్ళ నా సర్వీసులో మా బావమరిదికి ఆ ఫ్లాష్ ఎన్నడూ గుర్తురాలేదు.

పూల రంగు సమస్య మాత్రం అలాగే ఉంది. జెలటిన్ కాగితం రెండు మడతలు వేస్తే నారింజ ఎక్కువవుతోంది, ఒక మడతకి కామెర్లు తగ్గడం లేదు. పెద్దాయన ఇదంతా చూసి ఇంట్లోకి వెళ్ళి, పాత మూడు సెల్లుల టార్చి ఒకటి తెచ్చాడు. రేకు గొట్టం, అద్దం చుట్టూ తుప్పు, లోపల అసలైన ఫిలమెంటు బల్బు. వెలగలేదు. అరచేత్తో రెండు చరిచాడు. సెల్లులు ఎండలో పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుతున్నాడట. మూడో దెబ్బకి వెలిగింది, నెయ్యిరంగులో, నీరసంగా. ఆ వెలుగు పడగానే వలిసె పూలు వాటి రంగులోకి అవే వచ్చేశాయి. కామెర్లూ లేవు, నారింజా లేదు. మా బావమరిది నోటమాట రాక, టేపు ఊడదీస్తూ నిలబడిపోయాడు.

నీరసపు వెలుగు కాబట్టి అయిదు నిమిషాలు తెరిచి ఉంచాలన్నాడు. చేను నాకు, చెట్టు పెద్దాయనకి పంచాడు. పెద్దాయనకి పంపకం నచ్చలేదు. "నా చేను నేను పూసుకుంటాను" అని టార్చి తనే పట్టుకున్నాడు. చెప్పకుండానే పక్కగా వెళ్ళి, నడుం వంచి, చెయ్యి ఆపకుండా, సాలు సాలుకీ నడిచాడు. రోజూ నడిచే చేను, ఒక్క మొక్క విరగలేదు. నేను చెట్టు దగ్గర నా వంతు ముగించి, ఒడ్డున కూర్చుని చూశాను. నాలుగు నిమిషాలు అయ్యాయి. మా బావమరిది గుసగుసగా అంకెలు లెక్కపెడుతున్నాడు. కుర్రాళ్ళు లైట్లు ఆపుకుని బుద్ధిగా కూర్చున్నారు.

అప్పుడు కొండ మలుపులో పట్టాలు మోగాయి. కిరండూల్ వైపునుంచి ఇనుప ఖనిజం నింపుకుని విశాఖ దిగే గూడ్సు. 1960లలో ఈ కొండల్ని తొలిచి లైను వేసింది ఆ రాయి కోసమే. మలుపు తిరుగుతూ ఇంజను దీపం కొండని ఒక చివరనుంచి మొదలుపెట్టి, చెట్టు, చేను, పెద్దాయన, మా కారు, నా మంకీ క్యాప్, దేన్నీ వదలకుండా పగలులా తెల్లగా పూసేసి వెళ్ళింది. వెనక పెట్టెలు ఎంతకీ అయిపోవు. మా బావమరిది రెండు చేతులూ లెన్సుకి అడ్డం పెట్టి, ఆ పెట్టెల చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.

నేను కారు తాళం తీసి చేతిలో పట్టుకున్నాను.

పెద్దాయన గట్టెక్కి వచ్చి టార్చి ఆర్పి, అతని భుజం తట్టాడు. "బెంగెట్టుకోకు బాబూ. అది పోతే ఇంకోటి ఒస్తాది. రాత్రల్లా ఒస్తూనే ఉంటాయి."

ఓదార్పుగానే అన్నాడు. మా బావమరిది మాత్రం తలెత్తి కొండ మలుపు వైపు చూశాడు. ఇంజను దీపం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో గాల్లో గీశాడు. మళ్ళీ స్టాండు కాళ్ళు బిగించడం మొదలుపెట్టి, "బావగారూ, ఇంకోటి ఎప్పుడొస్తుందో కాస్త ఆ స్టేషన్లో కనుక్కుని రాగలరా అండీ?" అన్నాడు.